వెనక చక్రాల వాటా

తొక్కకూడదు. తొక్కాలని అరికాలు దురద పెడుతోంది, అయినా తొక్కకూడదు. కోపమొస్తే కొందరికి నోరు లేస్తుంది, కొందరికి చెయ్యి లేస్తుంది, నాకు కాలు దిగుతుంది. ఓ జీవితకాలం అద్దెకారు తోలినవాణ్ణి, ఇంట్లో మింగిన కోపాలన్నీ బ్రేకు మీదా యాక్సిలరేటరు మీదా కక్కుకున్నవాణ్ణి. ఇవాళ ఆ ఒక్క సుఖం కూడా లేకుండా చేశాడు మహానుభావుడు. ఒళ్ళంతా మండిపోతోంది, ఆ మంటంతా కుడికాల్లోకి దిగి బొటనవేలి దగ్గర నిలబడి ఉంది, దాని కింద బ్రేకు పెడలు ఉంది, దాని కింద కొండ ఉంది. వాన పడుతోంది. దారి నూనె రాసిన పెనంలా మెరుస్తోంది. పక్క సీట్లో నా భార్య కమలాపండు ఒలుస్తోంది, ఆవిడకేమీ తెలియదు. వెనక సీట్లో రెండు కాళ్ళూ బార్లా చాపుకుని, ఈ కారుకి బ్రేకులు బిగించిన ఆవిడ ముద్దుల తమ్ముడు కూర్చున్నాడు, వాడికీ ఏమీ తెలియదు. తెలిసింది నా ఒక్కడికే. అదీ ఇందాకే, పైన మొదటి మలుపు దగ్గర. కొంచెం, కొంచెమంటే కొంచెమే, కాలు ఆనించాను. ముందు చక్రాలు మర్యాదగా నెమ్మదించాయి. వెనక చక్రాలు మాత్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి జారాయి, కారు తోక లోయ వైపు ఊగింది, యజమానిని చూసిన కుక్క ఊపినట్టు. కాలు తీసేశాను, తోక సర్దుకుంది. "గోతులు చూసుకుని తోలండి" అంది ఆవిడ. గోతులట! అది గొయ్యి కాదే తల్లీ, మీ తమ్ముడు. గట్టిగా ఒక్కసారి తొక్కితే ఈ కారు గిర్రున తిరుగుతుంది, తిరిగితే పక్కనున్న ఆ మోకాలెత్తు పిట్టగోడ దాన్ని ఆపదు. కింద మైదానం దాకా ఇలాగే దిగాలి, కోపాన్ని కాల్లోకి రానివ్వకుండా. నా కోపాన్ని! చెట్టంత కోపాన్ని!

అసలు ఈ కారుకి ఏం తక్కువైందని? నాలుగు చక్రాలకీ నాలుగు డ్రమ్ములు, గిన్నెలు బోర్లించినట్టు. లోపల రెండేసి షూలు. తొక్కితే అవి విచ్చుకుని గిన్నె గోడను లోపల్నుంచి ఒరుసుకుని పట్టుకుంటాయి, అంతే సంగతి. ఆగేది. నిదానంగా ఆగేది, ఆగాలా వద్దా అని ఒకసారి ఆలోచించుకుని ఆగేది, కానీ తిన్నగా ఆగేది. ఈ కాలం బళ్ళ మధ్య ఇలా ఆలోచించుకుని ఆగితే ఎవడి డిక్కీలోనో తేలతామని, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు పెట్టమని వాడితో అన్నది నేనే, కాదనను. పెట్టాడు. పాత ఇనుములో పడున్న కొత్తరకం బండివి తెచ్చి, రేకులు కోసి, బిగించి, బాగానే పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే వాణ్ణి అందరూ వెక్కిరింపుగా ఇంజనీరు అని ఎందుకంటారు? పొద్దున మేమిద్దరం బస్సెక్కి కొండమీద వాడి షెడ్డుకి వెళ్ళేసరికి కారును కడిగి, తుడిచి, ఫొటోకి నిలబెట్టినట్టు గేటు బయట నిలబెట్టాడు. "ముందు డిస్కులు బావా. వెనక నీ పాత డ్రమ్ములు పీకేసి సరుకుల వ్యానువి పెట్టాను, ఇంతేసి" అని రెండు చేతులూ చాపాడు పళ్ళెం మోస్తున్నట్టు.

"వెనకవి ఎందుకురా ముట్టుకున్నావు?"

"ముందువాటికి కొత్తవి పెట్టి వెనకవాటికి పాతవే ఉంచితే ఏం న్యాయం బావా? చిన్నబోవూ?"

"లోపల షూలని నెట్టే సిలిండర్లు?"

"అవీ వ్యానువే. నీకు తక్కువ చేస్తానా?"

చిన్నబోవూ, అట! చక్రాలు చిన్నబోతాయట! షెడ్డులో బల్ల మీద వేలెడంత ఇత్తడి వాల్వు ఒకటి పడుంది, డిస్కులతో పాటే ఆ బండి నుంచి వచ్చింది, వెనక్కి పోయే బ్రేకు పైపులో ఒత్తిడి తగ్గించేది. అదెందుకు బిగించలేదురా అంటే, "అదా, దొంగముండ! వెనకవాడికి పోయేదాన్ని మధ్యలో మింగేస్తోంది, పీకి పారేశాను" అన్నాడు, ఏదో దొంగను పట్టిచ్చినవాడిలా. నోరు తెరవబోయాను. ఈలోపు ఆవిడ కారెక్కి కూర్చుని, కమలాపళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని, "వానొచ్చేలా ఉంది, బయల్దేరండి, మీ ఇద్దరి బ్రేకు పురాణం దారిలో చెప్పుకుందురుగాని" అంది. వీధి చివరిదాకా తోలి చూశాను. పొడి నేల, నెమ్మదైన వీధి, చక్కగా ఆగింది. ఆగుతుంది మరి, అంత నెమ్మదిగా పోతుంటే నిలబెట్టిన మంచమైనా ఆగుతుంది.

ఒరే ఇంజనీరూ, నువ్వెప్పుడైనా నిండు బిందె ఎత్తడానికి వంగావా? వంగినప్పుడు మడమలు లేస్తాయి చూశావా? కారు ఆగేటప్పుడూ అంతేరా. బరువంతా ముందుకి తూలుతుంది, ముక్కు దిగుతుంది, పిర్ర లేస్తుంది. లేచిన మడమకి నేల మీద పట్టెక్కడిది? అలా తేలిపోయిన చక్రాన్ని పట్టుకుని వ్యాను డ్రమ్ము, వ్యాను సిలిండరు, పైగా నిండు ఒత్తిడి! వ్యాను వెనకాల బియ్యం బస్తాలు కూర్చుంటాయి, దానికి ఆ పట్టు కావాలి. నా కారు వెనకాల కూర్చున్నది నువ్వు. నీ బరువుకి నీ మాటల బరువు కలిపినా అరబస్తా తూగవు. పెద్ద డ్రమ్ము పెట్టడమే తప్పని నేననను, వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, నాకూ ముచ్చటే. పెద్ద డ్రమ్ము పెట్టినప్పుడు లోపల సిలిండరు చిన్నది పెట్టాలి, లేదంటే ఆ ఇత్తడి దొంగముండని పైపులో కూర్చోబెట్టాలి. వెనకవాడు ముందువాడి కంటే ఒక పిసరు ఆలస్యంగా బిగుసుకోవాలి, ఎప్పుడూ. అది అన్యాయం కాదురా, అది ప్రాణం. ఇంకో మలుపు. రెండో గేరు. ఇంజను గీపెడుతోంది. గీపెట్టనీ. కాలు పెడలు మీద ఉంది, ఉందంటే ఉంది, లేదంటే లేదు, పచ్చిగుడ్డు మీద పెట్టినట్టు. తుడుపుకర్ర అద్దం మీద కీచుమంటోంది, దాని మీద కూడా కోపం వస్తోంది, నా వైపు సగం తుడవకుండా వదిలేస్తోంది, అదీ ఆవిడ వైపే తుడుస్తోంది, అదీ ఆవిడ పుట్టింటి జట్టే.

డిస్కు పెద్దమనిషి లాంటిది. ఎంత నొక్కితే అంతే పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది, మనసులో ఏమీ పెట్టుకోదు. డ్రమ్ము అలా కాదు. దాని షూ ఒకసారి గోడకి తగిలిందా, తిరుగుతున్న ఆ గోడే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది. నువ్వు చిటికెడు అడిగితే అది పిడికెడు తీసుకుంటుంది. అచ్చం మా ఇంట్లో పోట్లాటల్లాగే. నేను చారులో ఉప్పు తక్కువైందంటాను, నిజానికి అంతే అందామనుకుంటాను, ఆ మాట తగలగానే తిరుగుతున్న ఆవిడ నన్ను లాగుతుంది, నేను ఆవిడను లాగుతాను, ఉప్పులో మొదలైంది మా అమ్మ దాకా, వాళ్ళ నాన్న దాకా పోయి, చివరికి ఇద్దరం బిగుసుకుపోయి ఆ పూటంతా కదలం. అందుకే నేను ఇప్పుడు ఒక్క మాట కూడా అనడం లేదు. అనాలంటే బోలెడుంది. నోట్లో తిట్లు నానుతున్నాయి, శనగల్లా ఉబ్బుతున్నాయి. ఒక్కటి జారిందంటే వెనకే బస్తా జారుతుంది, దానితో కాలు జారుతుంది.

ఈ కొండ నాకు కొత్తా? దీనికి దిగడం నేర్పిందే నేను. నేను రాకముందు ఈ దారి నిటారుగా ఉండేది, నా కారు తిరిగిన చోటల్లా మలుపు పడింది. ఒకసారి నలుగురు బట్టల వ్యాపారస్తుల్ని దింపుతుంటే డ్రమ్ములు ఎంత కాలాయంటే, మధ్యలో ఆపి ఒక చక్రం మీద నీళ్ళ గిన్నె, ఇంకో చక్రం మీద పాల గిన్నె పెట్టి టీ కాచాను, అందరం తాగాం, పాలు మాత్రం కాస్త పొంగిపోయాయి. ఇంకోసారి పొగమంచు. ఎంత పొగమంచంటే, గాలికోసం అద్దం దించితే ఒక ముక్క లోపలికొచ్చింది, ఠక్కున అద్దం ఎత్తేశాను, ఇంటికెళ్ళి తలుపు తీసేదాకా అది వెనక సీట్లోనే కూర్చుంది, దిగేటప్పుడు సీటు తడిసింది కూడా. ఇవి నేను చెబితే నమ్మనివాళ్ళున్నారు. నా భార్య. ఆవిడ తమ్ముడు మాత్రం నమ్ముతాడు, నోరు తెరుచుకుని వింటాడు, "తర్వాత బావా?" అంటాడు. వాడిలో నాకు నచ్చే గుణం అదొక్కటే, ఇవాళ అది కూడా నచ్చడం లేదు. పాలు పొంగాయంటే నమ్మినవాడు వెనక చక్రాలు చిన్నబుచ్చుకుంటాయంటే నమ్మడా?

ఎందుకు నమ్మాడో నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా మండుతోంది. ఐదుగురిలో చివరివాడు వాడు. వాడి దాకా వచ్చేసరికి చొక్కాకి జేబుండేది కాదు, జేబున్న గుర్తుండేది. నీళ్ళు కాగితే వాడి వంతుకి చల్లారేవి. బండిలో ఎక్కడికైనా వెళ్తే వాడి చోటు వెనక, కాళ్ళు కిందకి వేలాడేసుకుని, దుమ్మంతా మింగుతూ. మేం కాపురం పెట్టిన కొత్తలో మా ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కూర గిన్నె అందరి దగ్గరికీ పోయి తన దగ్గరికి వచ్చేదాకా దాన్నే చూస్తూ ఉండేవాడు, మెడ తిప్పకుండా. వాళ్ళక్క అది చూసి కూర గిన్నె ముందు వాడి దగ్గర పెట్టడం మొదలెట్టింది. సరే, మంచిదే, పెట్టుకోమను. కానీ ఆ కూరగిన్నె తెచ్చి నా కారు వెనక ఇరుసుకి బిగిస్తాడా? అన్నదమ్ముల మీద కసి నా చక్రాల మీద తీర్చుకుంటాడా? వెనకవాడికి నిండుగా పెట్టాలి, ముందువాడితో సమానంగా పెట్టాలి, మధ్యలో ఎవడూ మింగకూడదు అని కళ్ళు మూసుకుని బిగించేశాడు, ఎంత తృప్తిగా బిగించి ఉంటాడో, ఈల వేసుకుంటూ బిగించి ఉంటాడు, నాకు ఆ ఈల వినిపిస్తోంది.

ఈల కాదు, హారను. వెనక లారీ. ఎప్పట్నుంచి పట్టుకున్నాడో, అద్దం నిండా వాడి ముక్కే. నేను నెమ్మదిగా పోతున్నానని వాడికి కోపం. కోపాల్లో కూడా వంతులుంటాయి నాయనా, నీది తర్వాత.

"బావా, మూడో గేరు వెయ్యి. ఇంజను ఏడుస్తోంది."

"ఏడవనీ."

"ఇంత మంచి బ్రేకు పెట్టుకుని గేరు మీద దిగడమేంటి? గట్టిగా ఒక్కసారి తొక్కు. దాని రుచి చూడు."

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు తొనలు తింటున్నప్పుడు."

"అక్కా, బావకి వయసైపోయింది. గేరు మార్చడానికి చెయ్యి రావడం లేదు."

"మీ బావకి చేతులెప్పుడు పనిచేశాయిరా? నోరేగా" అంటూ అక్కగారు నా నోట్లో ఒక తొన పెట్టింది. గింజ ఉంది అందులో. కొరికాను. చేదు. ఉమ్మడానికి అద్దం దించాలంటే చెయ్యి తియ్యాలి, మింగేశాను. తొక్కు బావా, తొక్కు బావా, వాడు వెనక నుంచి రాగం తీస్తున్నాడు. తన అక్కని లోయలోకి తొయ్యమని తనే బతిమాలుతున్నాడు, అదీ నవ్వుతూ, చప్పరిస్తూ. తిరిగి ఒక్కటి పీకితే? రెండు చేతులూ స్టీరింగుకి కావాలి. దీన్ని మించిన అన్యాయం ఇంకోటుందా, పీకదగ్గ మనిషి చేతికందేంత దూరంలో ఉండి, చేతికి తీరిక లేకపోవడం.

అదుగో, ఎడంపక్క వెడల్పు స్థలం, రేకుల పాక, లారీవాళ్ళు ఇంజన్లు చల్లార్చుకోవడానికి ఆగే చోటు. లోపల దీపం వెలుగుతోంది, ఎవరో బెంచీ మీద కూర్చున్నారు. గేరు మీదే నెమ్మదించి అందులోకి తిప్పేయొచ్చు. ఆపి, ఇంక దిగండి అనొచ్చు. అంటే ఎందుకు అంటుంది. ఎందుకో చెప్పాలి. మీ తమ్ముడు అని మొదలెట్టాలి, ఆ రెండు ముక్కలతో మొదలైన ఏ వాక్యాన్నీ ఇన్నేళ్ళలో నేను పూర్తి చేసిన పాపాన పోలేదు. "మొదలెట్టారా! వాడు ఏం చేసినా మీకు వంకే. మీ కారు కోసం రాత్రనక పగలనక" అంటుంది. తోక ఊగిందే అంటే, "ఆ, మీ పొగమంచు సీట్లో కూర్చోలేదూ, అలాగే ఊగుంటుంది" అంటుంది. వాడేమో బావకి భయమేసిందంటాడు. భయం! నాకు! ఈ కొండకి మలుపులు నేర్పినవాడికి! ఆ మాట వాడి నోట వినడం కంటే నేనే దించుతాను, ఒక్క గీత పడకుండా దించుతాను, ఆవిడకి తెలియనే తెలియకుండా తొనలు తింటూ దిగిపోయేలా దించుతాను, అప్పుడు చెబుతాను, అప్పుడు ఒక్కొక్కటీ చెబుతాను. పాక వెనక్కి వెళ్ళిపోయింది. దీపం అద్దంలో కాసేపు కనిపించింది, తర్వాత లారీ ముక్కు దాన్ని మింగేసింది. మంచిపనే చేశాను. చేశానా? మంచిపనే. దారి ఇక్కడ ఇంకా వాలుగా ఉంది.

ఇంకా ఎంతుంది? నీళ్ళు దారికి అడ్డంపడి పారుతున్నాయి, ఎర్రగా. ఆకులు. ఒక్కో ఆకూ ఒక్కో అరటితొక్కే. కుడికాలి పిక్క పట్టేసింది, మెలి తిరుగుతోంది, దాన్ని కూడా కదపకూడదు. ఇంత జాగ్రత్తగా నేను ఎప్పుడైనా, ఎవరి విషయంలోనైనా...

బస్సు. మలుపు తిరగ్గానే బస్సు, ఆగిపోయిన బస్సు, జనమంతా కిందకి దిగి గొడుగులేసుకుని దాని చుట్టూ నిలబడ్డారు, ఒకామె చంకలో పిల్ల, ఆ పిల్ల నా వైపే చూస్తోంది. కాలు దిగిపోయింది. నేను దించలేదు, అదే దిగింది. తోక కదిలింది, నడుములో తెలిసింది, సీటు కింద నేల పక్కకి జరిగినట్టు. తీశాను. తియ్యడానికి ఎంత బలం కావాలో తొక్కేవాళ్ళకేం తెలుసు! ఎదురుగా జనం, బ్రేకు మీంచి కాలు తియ్యమంటే ఏ మనిషి ఒళ్ళు ఒప్పుకుంటుంది? తీశాను. ఒకటో గేరులోకి తోశాను, లోపల పళ్ళు పటపటలాడాయి, నావో దానివో. స్టీరింగు కొండవైపుకి తిప్పి రెండు చక్రాలూ కాలవగట్టు మీదికి దించాను. గడ్డి, బురద, గులకరాళ్ళు, అవన్నీ కలిసి పట్టుకున్నాయి చక్రాల్ని, పడేవాణ్ణి పదిమంది తలో చెయ్యి వేసి పట్టుకున్నట్టు. అద్దానికి కొమ్మలు కొట్టుకున్నాయి. ఆగింది. బస్సు వెనకాల అంటించిన సబ్బు ప్రకటనలో అమ్మాయి నా మొహంలో మొహం పెట్టి నవ్వుతోంది. వెనక లారీ బుస్సుమని ఆగింది. కమలాపళ్ళు సంచిలోంచి దొర్లి నా కాళ్ళ కిందకి వచ్చాయి, ఒకటి పెడలు కింద ఇరుక్కుంది.

"కాస్త ముందే తొక్కొచ్చు కదండీ! బ్రేకు కొత్తదే కదా, దాచుకోవడానికా?" అంది ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని.

వెనక నుంచి వాడు ముందుకి వంగి నా భుజం తట్టాడు. "చూశావా అక్కా, ఎలా ఆగిందో! అదీ నా బ్రేకంటే."

ఆ చెయ్యి. నా భుజం మీది ఆ చెయ్యి. నేను వంగి పెడలు కింది కమలాపండు తీశాను. దాన్ని చేత్తో పట్టుకుంటే రసం కారిపోయింది, పిసికానని చూసుకునేదాకా తెలియలేదు. ఆ పండు అద్దం దించి బయట పారేశాను. బస్సు డ్రైవరు దారివ్వమని జనాన్ని పక్కకి జరిపాడు, నా వైపు చూసి తలూపాడు, వాడికి అర్థమైంది, ఏం చేశానో వాడొక్కడికే అర్థమైంది. ఈ ప్రపంచంలో నన్ను అర్థం చేసుకున్న ఏకైక మనిషి, వాడి పేరు కూడా నాకు తెలియదు. గట్టు మీంచి దారి మీదికి ఎక్కించి, ఒకటో గేరులోనే, మిగిలిన కొండంతా ఒకటో గేరులోనే దిగాను. లారీవాడు కొట్టుకోనీ. ఇంజను వేడెక్కి పొగలు కక్కనీ. మెదడులో తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను, చిన్నవి ముందు, పెద్దవి వెనక, కాదు, పెద్దవి ముందు. వాటిని పైనుంచి కిందకి, కింద నుంచి పైకి చదువుకుంటూ దిగాను.

కొండ అయిపోయింది. చెవుల్లో గాలి విడిచింది, పొలాలు, తిన్నటి దారి, సన్నగా తుంపర. లారీలు తిప్పుకునే గచ్చు స్థలం ఉంది అక్కడ, ఎంత వెడల్పంటే ఏనుగుల గుంపునైనా వెనక్కి తిప్పుకోవచ్చు, ఇవాళ ఖాళీగా, తడిసి అద్దంలా ఉంది. గేరు మీదే అందులోకి తిప్పి, ఇంజను ఆపేసి, దాన్ని అదే ఆగనిచ్చాను. "ఏమైంది?" అంది. "దిగు, కాళ్ళు చాచుకో" అన్నాను. పక్కనున్న టీకొట్టు చూరు కిందకి వెళ్ళి నిలబడింది. నేను దిగి వెనక తలుపు తీశాను.

"ఇంజనీరుగారూ, దయచెయ్యండి. ముందు సీట్లోకి."

"నేనెందుకు బావా?"

"నీ బ్రేకు రుచి నువ్వే చూడు. అదుగో అక్కడిదాకా పోయి, మూడో గేరులో వచ్చి, ఇక్కడ, ఈ మధ్యలో, గట్టిగా తొక్కు. నా మీద ఎంత కసి ఉందో అంత కసిగా తొక్కు."

"నీ మీద నాకేం కసి బావా?" అని నవ్వుతూ వెళ్ళాడు. నవ్వుతూ వచ్చాడు. మధ్యలోకి వచ్చి తొక్కాడు.

ముందు ముక్కు వంగింది, నమస్కారం పెట్టినట్టు. మరుక్షణం తోక వచ్చి ముక్కుని దాటిపోయింది. చప్పుడు లేదు, తడి గచ్చు మీద చప్పుడే ఉండదు, నా కారు, నా పెద్దకారు, ఎవరో వేలితో తిప్పిన బొంగరంలా గిర్రున ఒక చుట్టు తిరిగి, ఇంకా సగం తిరిగి, వచ్చిన వైపే చూస్తూ ఆగిపోయింది. వాడు దిగాడు. మొహంలో నెత్తురు లేదు. వెనక చక్రం దగ్గరికి వెళ్ళి వంగి, ఎవరో చిన్నపిల్లాడు అబద్ధమాడితే చూసినట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"బావా... వెనకవి ముందుకొచ్చేశాయేంటి?"

నవ్వాను. ఆ పై నుంచి మోసుకొచ్చిందంతా నవ్వయి బయటికి వచ్చింది, కడుపు పట్టుకుని నవ్వాను. సమానంగా పెట్టావు కదరా, ముందు కూర్చుందామని వచ్చాయి. పేర్చుకున్న తిట్లన్నీ ఇక మొదటి నుంచి మొదలెడదామని, ముందు ఆవిడ చూసిందో లేదో చూద్దామని, చూశావటే నీ తమ్ముడి పనితనం అందామని తిరిగాను.

చూసింది. టీగ్లాసు ఇంకా నోటి దాకా పోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వానలోకి వచ్చింది, కొంగు కూడా కప్పుకోలేదు.

"ఇది మీకెప్పుడు తెలుసు?"

"నేను చెబితే నువ్వు..."

"ఎప్పుడు తెలుసండీ?"

"పైనే, మొదటి మలుపులో." గర్వంగానే చెప్పాను. చెబుతూ ఉండగా మాట నోట్లోనే బరువెక్కింది.

"తెలిసే దించారు."

"నిన్ను ఒక్క గీత పడకుండా..."

"నన్ను అడిగారా? దించడానికి నేనేమన్నా కమలాపళ్ళ సంచినా? తెలిస్తే దిగి నడిచేదాన్ని. బస్సెక్కేదాన్ని. పోనీ, మీతోనే కూర్చునేదాన్నేమో! తెలిసి కూర్చునేదాన్ని! నేను పక్కన కూర్చుని మీ నోట్లో తొనలు పెడుతున్నాను, మీరు మింగుతున్నారు, మింగి ఊరుకున్నారు!"

"అక్కా, తప్పు నాది..." అన్నాడు వాడు.

"నువ్వు నోరు ముయ్యి. నీ సంగతి ఇంటికెళ్ళాక. నువ్వు తెలియక చేశావు." వేలు వాడి వైపు చూపించి, కళ్ళు మాత్రం నా మీంచి తియ్యలేదు. "ఈయనకి తెలుసు."

నాకు కోపం రావాలి. వస్తుందనే ఎదురు చూశాను, ఇందాకటి దాకా చెట్టంత ఉంది కదా. వెతుక్కున్నాను. ఆవిడ కోపం పక్కన నిలబెడితే నాది ఎక్కడుందో కనబడలేదు. ఏదైనా అనాలని నోరు తెరిచాను, ప్రాణాల మీదికి వచ్చిందని నాకొక్కడికే తెలుసు గనక భయమంతా నేనొక్కణ్ణే పడ్డానని, నీకు లేకుండా చేశానని. అది కూడా ఆవిడ వాటా కదా అని అప్పుడు తట్టింది. ఆవిడ వెనక్కి తిరిగి దారెక్కింది. ఇంటివైపే. ఇంకా చాలా దూరం ఉంది ఇల్లు.

"ఏమే! ఎక్కు. ఇది తిన్నటి దారే, ఏం కాదు!"

వినిపించుకోలేదు. కారు తిప్పుకుని వెనకే బయల్దేరాం, ఒకటో గేరులో. బావమరిది నా పక్కన, ఆవిడ సీట్లో కూర్చున్నాడు, కాళ్ళు ముడుచుకుని. ఆవిడ పక్కగా నడవడం లేదు. దారి మధ్యలో నడుస్తోంది, చెప్పులు టపటప కొట్టుకుంటూ, వానకి జుట్టు వీపుకి అంటుకుపోయి. ఎదురొచ్చే సైకిళ్ళు పక్కకి తప్పుకుంటున్నాయి. మా వెనకాల ఇంకో లారీ చేరింది, దాని వెనక ఇంకేదో, ఎవరూ హారను కొట్టడం లేదు, ఆవిడ నడక చూస్తే ఎవరికి ధైర్యం వస్తుంది?

"బావా, ఇంకాస్త దగ్గరికి పోనీ. పిలుద్దాం."

"పోను."

"ఎందుకని?"

ఆవిడ ఆగితే నేనూ ఆగాలి. ఉన్నట్టుండి ఆగినా, వెనక్కి తిరిగినా ఆగాలి. తడి దారి, నీ బ్రేకు, నా కాలు. అందుకే ఇంత ఎడం ఉంచాను. ఇదంతా ఈసారి పైకే చెప్పాను, ఒక్క ముక్క మింగకుండా. వాడు విని, కిటికీ బయటికి తల పెట్టి, కొండ వినేలా అరిచాడు.

"అక్కా! ఉన్నట్టుండి ఆగకే! మా బ్రేకు మంచిది కాదు!"

ఆవిడ తిరగలేదు, పక్కకి జరగలేదు. నడుస్తోంది. నేను కాలు పెడలు మీద ఆనీ ఆనకుండా పెట్టుకుని, ఆవిడ మడమల్నే చూస్తూ వెనకే పోతున్నాను.